జితీశ్ కల్లాట్ రిక్షాపొలిస్: ముంబై రోడ్డు వెనిస్ దాకా ఎలా వెళ్లింది?

నల్లసిరా:
మన దగ్గర పెయింటింగ్ మాట ఎత్తితే చాలు, హుస్సేన్ బొమ్మ ఎంతకి పోయింది, రజా బొమ్మ ఎంతకి పోయింది అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ గోల కాసేపు పక్కన పెట్టి, ఇప్పుడు మన మధ్యే ఉండి పని చేస్తున్న ఒకాయన గురించి మాట్లాడదామని ఇది మొదలుపెడుతున్నా. జితీశ్ కల్లాట్. 1974లో ముంబైలో పుట్టాడు, మలయాళీ కుటుంబం. అక్కడి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1996లో పెయింటింగ్ డిగ్రీ, మరుసటి ఏడాదే మొదటి సోలో షో. అక్కడి నుంచి లండన్, చికాగో, మెల్‌బోర్న్, వెనిస్ అంటూ తిరగని చోటు లేదు, మకాం మాత్రం ముంబైలోనే.

నాకు ఆయన రిక్షాపొలిస్ సిరీస్ అంటే పిచ్చి. 2005 ప్రాంతంలో మొదలైంది. పెద్ద పెద్ద కాన్వాసులు. ఆటోలు, బస్సులు, స్కూటర్లు, కార్లు, మధ్యలో ఆవులు, కుక్కలు, మనుషులు, అన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని గాల్లోకి లేచినట్టు ఒకే కుప్పగా ఉంటాయి. రోడ్డు కనపడదు, ఆకాశం కనపడదు. చుట్టూ రంగు చిమ్మిన మరకలు. కాసేపు చూస్తే హారన్లు వినపడతాయి.

నా ప్రశ్న ఒకటే. ఇది నిజంగా నగరం గురించిన బొమ్మా, లేక విదేశీ గ్యాలరీ వాళ్లకి ఇండియా ఇలా ఉంటుందండీ అని చూపించడానికి వేసిన బొమ్మా? మీరేమంటారు?

ఎర్రబస్సు:
మొహమాటం లేకుండా చెప్తాను. ఆటోలు, ఆవులు, సిగ్నల్ దగ్గర పిల్లలు. విదేశాల వాళ్లకి మన గురించి కావాల్సింది సరిగ్గా ఇదే, ఈయన ఇచ్చిందీ ఇదే. 2005 నుంచి 2008 దాకా ఇండియన్ ఆర్ట్‌కి బయట ఎంత గిరాకీ ఉండేదో గుర్తుందా? సుబోధ్ గుప్తా అనే ఆర్టిస్టు స్టీలు గిన్నెలు, ఈయన ఆటోలు. మన వంటింటినీ మన రోడ్డునీ ఎగుమతి చేశారు. 2008 చివర్లో మార్కెట్ కూలింది, కొన్నవాళ్లలో సగం మంది కనపడకుండా పోయారు.

స్వాతిచినుకు:
నేను ఫైన్ ఆర్ట్స్ రెండో ఏడాది. మా క్లాసులో ఈయన పేరు వినలేదు అసలు. ఇప్పుడే నెట్‌లో బొమ్మలు చూశా. ఒక డౌట్, కాన్వాస్ కింద రెండు మూలల్లో నల్లగా ఏవో తలకాయలు ఉన్నాయి. కాన్వాస్ వాటి మీద కూర్చున్నట్టు ఉంది. అవి ఫ్రేమా? విడిగా శిల్పాలా?

పటంకథ:
స్వాతీ, అసలు పాయింట్ పట్టుకున్నావు. అవి కంచు శిల్పాలు. రిక్షాపొలిస్ కాన్వాసులు గోడకి మేకుకు వేలాడవు, నేల మీద ఈ రెండు కంచు బొమ్మల మీద నిలబడతాయి. ఆ బొమ్మలు ఎక్కడివో తెలుసా? ముంబై వీటీ స్టేషన్, అంటే ఇప్పటి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్ అనే ఇంజనీరు డిజైన్, 1878లో మొదలై 1888 నాటికి పూర్తయింది, 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. దాని గోడల పైన, తూముల దగ్గర నోరు తెరుచుకుని కిందకి చూస్తున్న రాతి జంతువులు ఉంటాయి. వాటినే కంచులో పోసి కాన్వాస్ కింద పెట్టాడు.

ఇందులో నాకు బాగా నచ్చేది ఇంకోటి ఉంది. ఆ స్టేషన్ మీది చెక్కడాల్లో చాలా భాగం చేసింది అప్పటి జేజే స్కూల్ విద్యార్థులే. ఆ స్కూలు 1857లో మొదలైంది, స్టేషన్‌కి నాలుగడుగుల దూరంలోనే ఉంటుంది. కల్లాట్ చదివింది కూడా అక్కడేగా. అంటే వందేళ్ల కిందట తన కాలేజీ సీనియర్లు చెక్కిన బొమ్మల్ని తెచ్చి, తన కాన్వాస్‌ని వాటి నెత్తిన పెట్టాడు. ఇన్నేళ్లుగా ఆ జంతువులు పైనుంచి చూస్తున్నది ఏమిటి? కింద రోడ్డే. ఆ చూసిందంతా ఇప్పుడు వాటి నెత్తి మీదకే ఎక్కింది.

ఎర్రబస్సు గారూ, ఎగుమతి సరుకు చేయాలనుకున్నవాడికి ఈ తలనొప్పి ఎందుకండీ? ఆ బొమ్మలు వీటీవని మిలాన్‌లోనో సిడ్నీలోనో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? అది ముంబై వాడికే తెలిసే విషయం.

మిల్లు మనవడు:
పటంకథ అక్కా, ఇంకో విషయం కలపండి. వీటీ దగ్గర ఆటో కనపడదు. ముంబైలో ఆటోలు మాహిం, సయన్ దాటి దక్షిణం వైపు రాకూడదు, రూల్. అటు బాంద్రా, అంధేరీ అంతా ఆటోలే, ఇటు టాక్సీలే. కాబట్టి నిజంగా ఆ రాతి జంతువులు ఎప్పుడూ ఆటోని చూసి ఉండవు. బొమ్మలో మాత్రం ఆటోలు వాటి నెత్తి మీద ఎక్కి కూర్చున్నాయి. సబర్బ్ మొత్తం బలవంతంగా వీటీ ఉన్న ఫోర్ట్ ఏరియాలోకి దూరినట్టు. మా నాన్న ఇది చూసి పగలబడి నవ్వాడు, పోలీసోడు చలాన్ రాయడా అని.

నల్లసిరా:
ఇది నేను ఎక్కడా చదవలేదు. సూపర్.

ఎర్రబస్సు:
బాగుంది, ఒప్పుకుంటా. కానీ చూసేవాడికి తెలియని అర్థం ఎంత లోతుగా ఉంటే ఏం లాభం? కొన్నవాడు అర్థం చూసి కొన్నాడా? కలర్‌ఫుల్ ఇండియా అని కొన్నాడు. మన చూపు, కొనేవాడి చూపు ఒకటి కాదు. నేను అడిగేది అది.

కుంచెపట్టినోడు:
నేను సినిమా హోర్డింగులు వేసినవాణ్ణి. ఫ్లెక్సీ వచ్చాక మా పని పోయింది, ఇప్పుడు గోడ మీద అక్షరాలు రాసుకుంటున్నా, అదీ తగ్గిపోయింది. అర్థాల సంగతి మీరు చూసుకోండి, చెయ్యి ఎలా ఆడిందో నేను చెప్తా.

ఈయన మొదట్లో వేసిన బొమ్మలు, తొంభైల చివరివి, వాటి పైపొర చూడండి. కొత్త కాన్వాస్‌లా ఉండదు. ఎండకీ వానకీ నాని, పోస్టర్ మీద పోస్టర్ అంటించి చించేసిన గోడ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బొబ్బలు లేచినట్టు, గీరినట్టు. అలా రావాలంటే వేసినదాన్ని మళ్లీ పాడుచేసే ధైర్యం ఉండాలి. మాకు హోర్డింగ్ మీద చిన్న మరక పడితేనే మేస్త్రీ తిట్టేవాడు. ఈయన మరకతోనే మొదలుపెట్టాడు.

తర్వాత సిగ్నల్ పిల్లల బొమ్మలున్నాయి కదా, డాన్ కోరస్, 2007. ఆ మొహాలు నా కంటికి ఫోటో నుంచి తీసినట్టు ఉన్నాయి. నీడ ఒక రంగు, వెలుగు ఒక రంగు, మధ్యలో మెల్లగా కలిపేది పెద్దగా లేదు. మేమూ అంతే చేసేవాళ్లం, గళ్లు గీసి ఫోటోని పెద్దది చేసి, దూరం నుంచి కొట్టొచ్చేలా నీడలు కోసేవాళ్లం. దగ్గరికెళ్తే ముక్కలు, నలభై అడుగుల దూరం నుంచి హీరో. తేడా ఏంటంటే మేము హీరోకి వేసేవాళ్లం, ఈయన రోడ్డు మీద పుస్తకాలమ్మే పిల్లాడికి వేశాడు.

స్వాతిచినుకు:
ఆ పిల్లల జుట్టు చూశారా ఎవరైనా? జూమ్ చేస్తే జుట్టు కాదు అది!

పటంకథ:
అవును, అదే ఆ సిరీస్ ప్రాణం. సిగ్నల్ పడగానే కారు అద్దం దగ్గరికి పుస్తకాలు, మేగజైన్లు పట్టుకొచ్చే పిల్లలు. వాళ్లలో చాలామంది చదవలేని పుస్తకాలే అవి. మొహం పెద్దగా, మామూలుగానే ఉంటుంది, ఏడుపూ ఉండదు, జాలిచూపూ ఉండదు, కొందరైతే నవ్వుతున్నారు. తల పైన జుట్టు ఉండాల్సిన చోట నగరం మొత్తం చిక్కుపడి ఉంటుంది. బండ్లు, మనుషులు, వీధులు, ఒకదాన్లో ఒకటి ఇరుక్కుపోయి. ఆ పిల్లాడు నగరాన్ని మోస్తున్నాడో, నగరం వాడి తలకి పట్టిందో మనం తేల్చుకోవాలి. వీటికి కూడా కింద కంచు ఆధారాలే.

ఎర్రబస్సు గారికి నా జవాబు ఇందులోనే ఉంది. జాలి అమ్ముకునేవాడు కన్నీళ్లు వేస్తాడు. ఈయన ఆ పిల్లాడికి రాజకీయ నాయకుడి కటౌట్ స్థాయి ఇచ్చాడు.

ఎర్రబస్సు:
కటౌట్ సైజులో వేస్తే పిల్లాడికి ఒరిగేది ఏంటి మేడమ్? బొమ్మ గ్యాలరీలో ఉంది, పిల్లాడు సిగ్నల్ దగ్గరే ఉన్నాడు.

పటంకథ:
ఆ లెక్కన ప్రపంచంలో ఏ బొమ్మా వేయకూడదు. మీ అసలు కోపం మార్కెట్ మీద, అది న్యాయమే. దాన్ని బొమ్మ మీద చూపించకండి.

నల్లసిరా:
ఇద్దరూ కూల్. ఇంకో కోణం నుంచి చూద్దాం. ఈయన బయటికి ఎలా వెళ్లాడన్నది కూడా తెలియాలి. కేవలం అమ్మకాల వల్ల కాదు. 2001లో లండన్ టేట్ మోడర్న్‌లో సెంచరీ సిటీ అని పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కో కాలంలో ఒక్కో నగరం ఎలా వెలిగిందని చూపించారు. పారిస్, వియన్నా, మాస్కో, న్యూయార్క్, టోక్యో, లాగోస్ లాంటి వాటి సరసన 1992 నుంచి 2001 దాకా బొంబాయి. ఆ బొంబాయి భాగాన్ని గీతా కపూర్, ఆశిష్ రాజాధ్యక్ష క్యూరేట్ చేశారు, అంటే ఎవరి పని పెట్టాలో ఎంచి అమర్చారు. కల్లాట్‌కి అప్పటికి ఇరవయ్యేడేళ్లు కూడా లేవు, ఆ షోలో ఉన్నాడు. దుకాణాల రోలింగ్ షట్టర్ల మీద బొమ్మలు వేసిన అతుల్ దోడియా కూడా అందులో ఉన్నాడు.

గమనించండి, 1992 నుంచి లెక్క పెట్టారు. అల్లర్లు, బాంబు పేలుళ్లు, ఊరి పేరు మారడం, కేబుల్ టీవీ, మిల్లులు పోయి మాల్స్ రావడం, అన్నీ ఆ పదేళ్లలోనే. ఈయన కాలేజీలో ఉన్నదీ ఆ రోజుల్లోనే. కాబట్టి రిక్షాపొలిస్‌లో గుద్దుకుంటున్నవి బండ్లు మాత్రమే అని నేను అనుకోను.

మిల్లు మనవడు:
అన్నా, మిల్లుల మాట వచ్చింది కాబట్టి నేను ఆగలేను. మా తాత నల్గొండ నుంచి బొంబాయి వెళ్లి లోయర్ పరేల్‌లో మగ్గం మీద పనిచేశాడు. మన పద్మశాలీలు ఎంతమంది ఆ మిల్లుల్లో చెమటోడ్చారో లెక్కలేదు. కామాఠిపురకి ఆ పేరు వచ్చిందే మనవైపు నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్ల. 1982 జనవరిలో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నడిపిన సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపేశారు, దానికి అధికారికంగా ముగింపన్నదే లేదు, మిల్లులే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. తాత ఊరికి తిరిగొచ్చేశాడు, మా పెద్దనాన్న మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట షాపింగ్ మాల్, ఒక్క చిమ్నీ మాత్రం గుర్తుగా మిగిలింది.

నా బాధ ఏంటంటే, కల్లాట్ బొమ్మల్లో నగరం ఉంది, గోల ఉంది, జనం ఉన్నారు, పని కనపడదు. ఎవరు ఏం పని చేసి బతుకుతున్నారో తెలీదు. అందరూ గాల్లో తేలుతున్నారు. అది కావాలంటే సుధీర్ పట్వర్ధన్ బొమ్మలు చూడండి.

కుంచెపట్టినోడు:
ఆయన డాక్టరు కదా?

మిల్లు మనవడు:
అవును, రేడియాలజిస్టు. 1949లో పుణెలో పుట్టాడు, అక్కడే మెడిసిన్ చదివి 1973లో ముంబై వచ్చాడు, 2005 దాకా ఠాణేలో ఎక్స్‌రేలు చూస్తూనే బొమ్మలు వేశాడు. ఏ ఆర్ట్ స్కూల్లోనూ చదవలేదు. లోయర్ పరేల్ అని 2001లో ఒక పెయింటింగ్ వేశాడు, రైలు పట్టాలు, పాత మిల్లులు, పైనుంచి లేస్తున్న కొత్త టవర్లు. మా పెద్దనాన్న ఫోన్లో ఆ బొమ్మ చూసి ఇదిగో ఈ బ్రిడ్జి, ఇక్కడ్నుంచే షిఫ్ట్‌కి వెళ్లేవాళ్లం అంటూ వేలు పెట్టి చూపించాడు. కల్లాట్ బొమ్మ చూపిస్తే, బాగుంది, ఇదెక్కడరా అన్నాడు. నాకు తేడా అక్కడ తెలిసింది.

ఎర్రబస్సు:
చూశారా! మీ పెద్దనాన్నకి చేతులెత్తి దండం. నేను గంట నుంచి చెప్తున్నది ఒక్క ముక్కలో తేల్చేశాడు.

పటంకథ:
మిల్లు మనవడూ, నువ్వు చెప్పింది చాలా విలువైన మాట, కాదనను. పట్వర్ధన్ నిలబడి చూసే మనిషి. ఒక వంతెన మీదో, ఇరానీ హోటల్లోనో ఆగి, ఎదుటివాడి భుజం ఎలా వంగింది, చెయ్యి ఎక్కడ పెట్టాడు అని చూస్తాడు. ఎక్స్‌రే చూసే కళ్లు మరి. ఆయనకి మనిషి శరీరమే ముఖ్యం, నగరం దాని చుట్టూ కట్టుకుంటుంది. కల్లాట్‌ది అది కాదు. మనం బస్సు కిటికీలోంచి చూసినప్పుడు ఏ ఒక్కటీ పూర్తిగా కనపడదు కదా, సగం ఆటో, సగం మొహం, సగం బోర్డు, ఆ సగాలన్నీ కలిసిపోయిన స్థితి ఆయనది. రెండూ ముంబైలే. ఒకటి అక్కడ పనిచేసినవాడి ముంబై, ఇంకోటి అందులో పుట్టి పెరిగి ఊపిరాడనివాడి ముంబై.

అయితే ఒక తేడా నిజం. పట్వర్ధన్‌ని దేశం లోపల నెత్తిన పెట్టుకున్నారు, 2019లో ముంబై ఎన్‌జీఎంఏలో, అంటే నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో, ఇన్నేళ్ల పనిని ఒకచోట చూపించే భారీ రెట్రోస్పెక్టివ్ జరిగింది. కానీ బయట కల్లాట్‌కి వచ్చినన్ని పిలుపులు ఆయనకి రాలేదు. ఎందుకన్నది ఆలోచించాలి. ఆ బొమ్మలు నిదానంగా చూడాల్సినవి, రెండేళ్లకోసారి జరిగే పెద్ద ఆర్ట్ పండగల్లో, అదే బినాలేల్లో, అంత తీరిక ఎవరికుంటుంది అని నా అనుమానం.

స్వాతిచినుకు:
నాకు ఇంకో డౌట్. ఈయన ఇప్పుడు పెయింటింగ్ వేయడం మానేశాడా? నెట్‌లో ఎక్కువగా అక్షరాలు, లైట్లు, పొగమంచు కనపడుతున్నాయి.

నల్లసిరా:
మానలేదు, కానీ పేరు బయట మోగింది ఎక్కువగా ఆ పనుల వల్లే. పబ్లిక్ నోటీస్ అని మూడు పనులున్నాయి. 2003లో మొదటిది, నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగాన్ని అద్దాల మీద రబ్బరు జిగురుతో రాసి దానికి నిప్పు పెట్టాడు. అక్షరాలు కాలి, అద్దం వంకర్లు తిరిగి, అందులో చూసేవాడి మొహం కూడా వంకరగా కనపడుతుంది. 2002 గుజరాత్ అల్లర్ల తర్వాత ఏడాది అది. 2007లో రెండోది, దండి యాత్రకి ముందు రోజు, 1930 మార్చి 11న, సబర్మతిలో గాంధీ మాట్లాడిన మాటలు. ఒక్కో అక్షరం ఒక్కో ఎముక ఆకారంలో, మొత్తం 4,479 ముక్కలు, అరల మీద వరసగా పేర్చి. అది ఇప్పుడు సిడ్నీలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ సేకరణలో ఉంది.

మూడోది మనవాళ్లకి బాగా ఎక్కుతుంది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, 2010 సెప్టెంబర్ 11. వివేకానందుడు 1893లో సర్వమత సభలో మాట్లాడింది ఆ భవనంలోనే, అదే సెప్టెంబర్ 11న. ఆ ప్రసంగాన్ని మ్యూజియం మెట్ల మీద, ఒక్కో మెట్టు ఎదుటి పలక మీద ఎల్‌ఈడీ అక్షరాల్లో పెట్టాడు, 118 మెట్లు. రంగులు ఐదు, ఎరుపు, నారింజ, పసుపు, నీలం, ఆకుపచ్చ. అవి అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్లు టెర్రరిస్టు ముప్పు స్థాయి చెప్పడానికి వాడిన రంగులు. పరమత సహనం గురించి చెప్పిన మాటల్ని ముప్పు రంగుల్లో చదువుకుంటూ జనం మెట్లెక్కాలి.

ఎర్రబస్సు:
ఇది మాత్రం దెబ్బ కొట్టింది. నిజంగానే. సోదర సోదరీమణులారా అన్న మాటని మనం స్కూల్లో ఎలొక్యూషన్‌కి అరిగిపోయేలా వాడేశాం. ఆ మెట్ల మీద చదవాల్సి వస్తే వేరేలా ఉంటుంది.

కుంచెపట్టినోడు:
మంచి ఆలోచనే, కానీ అందులో కుంచె ఎక్కడ? లైట్లు బిగించింది ఎలక్ట్రీషియన్ కదా. నాకు ఇక్కడే కడుపు మండుతుంది. అంత చెయ్యి ఉన్నవాడు అక్షరాల వైపు పోతే, చెయ్యి మాత్రమే ఉన్న మాలాంటి వాళ్లని ఎవడు చూస్తాడు? నేనూ జీవితమంతా అక్షరాలే రాశాను, జనం చదివి వెళ్లిపోయారు.

పటంకథ:
అన్నా, మీ మాట వింటే మనసు కలుక్కుమంది. మీ కోపంలో న్యాయం ఉంది. నాకూ ఆ 2005 నుంచి 2010 మధ్య పెయింటింగులంటేనే ఎక్కువ ఇష్టం. తర్వాతి పనుల్లో ఆలోచన పదునెక్కింది, వీధి పలచబడింది. ఇది నా అభిప్రాయం, నల్లసిరా ఒప్పుకోకపోవచ్చు. వీటీ జంతువుల స్థానంలో చంద్రుడు, గాలి, వాన వచ్చి చేరాయి. ఏ దేశం వాడికైనా అర్థమయ్యే విషయాలు అవి, బహుశా అందుకే ఏ దేశానికైనా సులభంగా వెళ్లాయి. ఎర్రబస్సు గారు ఆటోలని ఎగుమతి సరుకు అంటున్నారు. నేనైతే ఉల్టా అంటాను, ఆటోల బొమ్మలే ఊరిని వదలనివి, తర్వాతివే పాస్‌పోర్ట్ ఉన్నవి.

నల్లసిరా:
కొంత ఒప్పుకుంటా, మొత్తం కాదు. ఎపిలోగ్ చూడండి, 2010, 2011 నాటిది. వాళ్ల నాన్న 1936 ఏప్రిల్ 2 నుంచి 1998 డిసెంబర్ 2 దాకా బతికారు. ఆ జీవితంలో ఎన్ని రాత్రులో అన్ని చంద్రుళ్లు, 22,889. ఒక్కో నెలకి ఒక్కో ఫోటో, 753 ఫోటోలు. ఆ చంద్రుడు ఏమిటంటే రొట్టె! రొట్టె కొంచెం కొంచెంగా తరిగిపోతూ, మళ్లీ నిండుతూ. ఇందులో బస్సు లేదు, ఆటో లేదు, అయినా నాకు ఇది ముంబై మధ్యతరగతి ఇంటి బొమ్మే. ఒక మనిషి బతుకుని తిన్న రొట్టెల్లో లెక్కపెట్టడం గాల్లోంచి వచ్చిన ఆలోచన కాదు.

స్వాతిచినుకు:
అయ్యో. మా నాన్నకి ఇది చూపించకూడదు.

మిల్లు మనవడు:
రొట్టె దగ్గర నేను కూడా పడిపోయా అన్నా. ఇందాక పని కనపడదు అన్నాను కదా, ఇందులో ఏదో ఉంది.

ఎర్రబస్సు:
సరే, బొమ్మల మీద ఇక వాదించను. కెరీర్ మీద ఒక ప్రశ్న. ఈయనకి బినాలేలు, అక్కడ ఒక్కో దేశం పేరున ఉండే పెవిలియన్లు అన్నీ వచ్చాయి. అందులో ప్రతిభ ఎంత, సరైన గ్యాలరీ, సరైన పరిచయాలు ఎంత? మన ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకి ఆ దారి ఉందా?

నల్లసిరా:
పరిచయాలు లేకుండా ఎవరికీ రాదు, దాచేదేముంది. మొదటి షోనే కెమోల్డ్ గ్యాలరీతో. 1963లో కేకూ గాంధీ, ఖోర్షెద్ గాంధీ మొదలుపెట్టిన గ్యాలరీ అది, దశాబ్దాల పాటు జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మొదటి అంతస్తులో నడిచింది, 2007లో ఫోర్ట్‌లోని ప్రెస్కాట్ రోడ్డుకి మారింది. ఇరవై మూడేళ్లకి అక్కడ గోడ దొరకడం మామూలు విషయం కాదు. జేజేలో చదివి, ముంబైలో ఉండటం పెద్ద ప్లస్.

కానీ ఆయన అందుకున్న దాన్ని తిరిగి కూడా ఇచ్చాడు. 2014 కోచి ముజిరిస్ బినాలేకి క్యూరేటర్ ఆయనే. ఆ డిసెంబర్ నుంచి మార్చి దాకా 30 దేశాల నుంచి 94 మంది ఆర్టిస్టుల పనిని ఫోర్ట్ కొచ్చి పాత గోదాముల్లో పెట్టించాడు. టికెట్ కొనుక్కుని మామూలు జనం, స్కూలు పిల్లలు, ఆటో డ్రైవర్లు వచ్చి చూశారు. 2019లో వెనిస్ బినాలేలో ఇండియా పెవిలియన్‌లో ఆయన కవరింగ్ లెటర్ ఉంది. 1939 జూలైలో గాంధీ హిట్లర్‌కి రాసిన ఉత్తరం, పొగమంచు తెర మీద పడుతూ ఉంటుంది. చూసేవాళ్లు ఆ ఉత్తరంలోంచే నడిచి అవతలికి వెళ్తారు. అప్పటికి వెనిస్‌లో మన దేశానికి అధికారికంగా పెవిలియన్ ఉండటం రెండోసారి మాత్రమే, అంతకుముందు 2011లో. నూరేళ్లకి పైగా నడుస్తున్న పండగలో రెండుసార్లు! ఒక్కడికి పిలుపొచ్చిందని అనుకునే ముందు మిగతావాళ్లకి గది కూడా లేదని గుర్తుపెట్టుకోవాలి.

పటంకథ:
ఎర్రబస్సు గారి ప్రశ్నకి టీచర్‌గా నా జవాబు కూడా. దారి ఉంది, ఇరుకుగా ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మంచి చెయ్యి ఉన్నవాళ్లు చాలామంది. వాళ్లకి లేనిది రెండు. ఒకటి, తమ పని గురించి నాలుగు పేరాలు రాయడం రాదు, కొన్నాళ్లు వేరే చోట ఉండి పని చేసుకోనిచ్చే ఏ రెసిడెన్సీకైనా ముందు అడిగేది అదే. రెండు, తమ వీధి బొమ్మ వేయడానికి సిగ్గుపడతారు. పల్లె బొమ్మ అయితే అందంగా ఉంటుంది, బొట్టు పెద్దగా, చీర ఎర్రగా, కొనేవాడు ఉంటాడు అని ఇంట్లోవాళ్లు కూడా అదే చెప్తారు. తాము రోజూ తిరిగే ఫ్లైఓవర్ కింద ఏముందో వేయమంటే అది కూడా బొమ్మేనా మేడమ్ అంటారు. కల్లాట్‌ని నేను క్లాసులో చూపించేది ఇందుకే, కెరీర్ కోసం కాదు.

కుంచెపట్టినోడు:
మేడమ్, మీ పిల్లల్ని ఒకరోజు నా దగ్గరికి పంపండి. గళ్లు గీయడం, గోడకి సున్నం మీద రంగు ఎలా పట్టించాలో నేర్పిస్తా. డబ్బులేం వద్దు.

పటంకథ:
మెసేజ్ పెడుతున్నా అన్నా. మాట మార్చకండి.

స్వాతిచినుకు:
నేనూ వస్తా, నేనూ! ఇంతకీ ఈయన పని నేరుగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? వచ్చే సెలవుల్లో మా అత్త వాళ్లింటికి ముంబై వెళ్తున్నా.

నల్లసిరా:
ఎప్పుడూ అక్కడ ఉంటుందని గ్యారంటీ లేదు, షో నడుస్తోందో లేదో ముందు చూసుకో. కెమోల్డ్ ప్రెస్కాట్ రోడ్‌కి వెళ్లొచ్చు, గ్యాలరీకి టికెట్ ఉండదు. బయట పాత భవనం, మెట్లు చూసి మనల్ని రానిస్తారా అని టెన్షన్ పడకు, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోవడమే, కొంటావా అని ఎవరూ అడగరు. బైకుల్లాలో భావు దాజీ లాడ్ మ్యూజియం కూడా చూడు, 1872లో తెరిచిన మ్యూజియం. 2011లో కల్లాట్ ఫీల్డ్‌నోట్స్ షో అక్కడే జరిగింది. కట్టడాలకి వాడే వెదురు బొంగుల్లాంటివి 120 రెజిన్‌తో పోసి, వాటి మీద జంతువుల్ని చెక్కి నిలబెట్టాడు. తర్వాత అవి మెల్‌బోర్న్ వెళ్లాయి. ఇప్పుడు ఆ బొంగులు అక్కడ లేవు, ఆ మ్యూజియంలో పాత బొంబాయి మట్టిబొమ్మలు, వృత్తిపనివాళ్ల నమూనాలు ఉన్నాయి, అవి కూడా నీకు పనికొస్తాయి.

మిల్లు మనవడు:
స్వాతీ, బైకుల్లా దాకా వెళ్తే అక్కడినుంచి లోయర్ పరేల్ దూరమేం కాదు. ఎవరైనా లోకల్ వాళ్లని వెంటబెట్టుకుని ఆ స్టేషన్ బ్రిడ్జి ఎక్కు, ఆఫీసులు వదిలే టైమ్‌లో మాత్రం వద్దు, నలిగిపోతావు. ఫోన్లో పట్వర్ధన్ బొమ్మ తెరిచి పెట్టుకుని చూడు.

ఎర్రబస్సు:
కల్లాట్ మీద నా అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు, మార్కెట్ మీద అసలు పోలేదు. కానీ ఆ మెట్లు, ఆ రొట్టెలు చూడాలనుంది. మిల్లు మనవడూ, పట్వర్ధన్ గురించి విడిగా ఒక చర్చ పెట్టు, మీ పెద్దనాన్న చెప్పినవన్నీ అందులో రాయి. ఆ బ్రిడ్జి మీద ఏ షిఫ్ట్‌కి ఎవరెవరు నడిచేవాళ్లో కూడా అడిగి రాయి.

మిల్లు మనవడు:
ఆదివారం ఫోన్ చేస్తాడు, అడుగుతా అన్నా. ఆయన మొదలుపెడితే ఆపడం కష్టం, రెండు భాగాలవుతుంది.